ఎనిమిది మిల్లీమీటర్ల కుట్ర

1986 సెప్టెంబరు 28. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఓ లాడ్జి గది. చీఫ్ రాజేశ్వర్ రావు తలుపు గడియ వేసి మ్యాప్ పరిచాడు.

"కరువు ఇన్సూరెన్స్. మన సర్కారు ఓ విదేశీ కంపెనీకి ప్రీమియం కట్టింది. ములుగు వర్షమాపకంలో సీజన్ మొత్తం ఆరువందల మిల్లీమీటర్లకు తగ్గితే వాళ్లు పద్నాలుగు కోట్లివ్వాలి. లాస్ట్ రీడింగ్ ఎల్లుండి ఉదయం ఎనిమిదిన్నరకు."

"ఇప్పటికి ఎంత?" అడిగాడు ఏజెంట్ వీరభద్రం.

"ఐదువందల తొంభై రెండు. ఇంకో చెంబెడు నీళ్లు పడితే కంపెనీ గట్టెక్కుతుంది. ఆ చెంబు పోయించడానికి వాళ్ల ముఠా దిగింది. మన అరుణ అక్కడే కాపలా ఉంది. కోడ్ వర్డ్ 'గొడుగు'."

మర్నాడు వీరభద్రం తువ్వాలలమ్మేవాడి వేషంలో ములుగులో బస్సు దిగాడు. గజం కర్రలో కెమెరా. మూట విప్పితే రాజక్క అనే రైతు ఒక్కతే పలకరించింది.

"కొనే రోజులా తమ్మీ ఇవి? సర్కారు సాయం జేస్తదంటాండ్రు. దీపావళి దాక జూస్తం. రాకుంటే ఎడ్లను అమ్ముడే."

తను కాపాడుతున్నది ఆ ఎడ్లనే అనుకున్నాడు వీరభద్రం. పిచ్చివాడు.

ముప్పయ్యో తారీఖు, ఎనిమిదీ ఇరవై అయిదు. వర్షమాపకం ఉన్న ఆఫీసు గేటు దగ్గర పట్టుచీర, కూలింగ్ గ్లాసులతో అరుణ నవ్వింది.

"గొడుగు. అంతా క్లియర్. టీ తాగి రా."

అప్పుడే లోపలి నుంచి వాన కోసం కప్పతల్లి ఆడే ఆడవాళ్లు బయటికొస్తున్నారు. రోకలికి కట్టిన కప్ప, వేపమండలు, ఖాళీ చెంబులు. ముందు రాజక్క.

"ఇక్కడెందుకాడారక్కా?"

"గీ అరుణమ్మనే చెప్పింది. అది సర్కారు వానకుండనట. దానిమీద కప్పతల్లికి నీళ్లు పోస్తె వాన జల్ది వస్తదట."

అరుణ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. గజం కర్ర ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ నేలపాలైంది.

"ఆ డబ్బు వీళ్లకు చేరుతుందనుకుంటున్నావా?" అంది అరుణ, దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని.

వీరభద్రం పిస్టల్ అందుకుని లోపలికి పరిగెత్తాడు. రీడింగ్ రాసే యాకయ్య కొలత గ్లాసు పక్కన పెట్టి పెన్ను తీశాడు. పదకొండు మిల్లీమీటర్లు.

"రాయకు యాకన్నా. అది వాన కాదు."

"గ్లాసుల ఏదుంటె అదే రాస్త. ముప్పయ్యేండ్ల సర్వీసు నాది."

వీరభద్రం తెల్ల తువ్వాలు పరిచి గ్లాసు ఒంపాడు. బట్ట పచ్చగా మారింది. కప్పతల్లి చెంబులో పసుపు కలుపుతారని అబిడ్స్‌లో పెరిగిన అరుణకు తెలీదు.

"వానలో పసుపుంటుందా?"

యాకయ్య తువ్వాలు వాసన చూశాడు. సరిగ్గా ఎనిమిదిన్నరకు రిజిస్టరులో సున్నా వేశాడు.

రెండు నెలలకు కంపెనీ డబ్బు కట్టింది. చీఫ్ చెయ్యి కలిపాడు. "కంగ్రాట్స్. సర్కారు ఓవర్‌డ్రాఫ్ట్ మొత్తం తీరిపోయింది."

"ములుగుకెంత పంపారు సార్?"

"పాలసీ సర్కారు పేరున ఉందయ్యా. ములుగుది వర్షమాపకం ఒక్కటే."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. రాజక్క ఎడ్లను అమ్మేసిందని యాకయ్య కార్డు రాశాడు. వీరభద్రానికి ఒళ్లు మండింది. అరుణ అడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఇంకా మండింది.

ఒకటో తారీఖున జీతంలో ఒకరోజుది కోసుకున్నారు. కరువు సహాయ నిధికట. వీరభద్రం సంతకం పెట్టాడు. అతనికి తెలిసినంతలో ములుగు వైపు బయల్దేరిన మొదటి డబ్బు అదే.