గండశిలుడి బొమ్మ రైలు

పూర్వం సువర్ణరేవు రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చింది. ఉత్తరపు అడవిలో ఉండే గండశిలుడనే రాక్షసుడికి ఒక బొమ్మ రైలు ఉండేది. రైళ్ళే పుట్టని రోజుల్లో బొమ్మ రైలు ఎక్కడిదని అడగకండి, రాక్షసుల దగ్గర ఏవైనా ఉంటాయి. దాని పెట్టెలు మలుపులో పట్టాలు తప్పి పడిపోయేవి. బాగుచెయ్యమని వాడు పనివాళ్ళను ఎత్తుకుపోయేవాడు. చేతకానివాళ్ళను బెత్తెడు కొయ్యబొమ్మలుగా మార్చి, ఆ పెట్టెల్లోనే కూర్చోబెట్టేవాడు. వాళ్ళను విడిపించబోయిన యువరాజు జయంతసేనుడూ బొమ్మైపోయాడు.

బొమ్మైనవాళ్ళలో వడ్రంగి భద్రాచారి ఒకడు. అతని కూతురు కనకాంబ ఉలి, సుత్తి సంచిలో వేసుకుని నాన్న కోసం బయలుదేరింది. అడవిలో ఒక ముని ఎదురయ్యాడు.

"తల్లీ, మంత్రాలు నాకు రావు. ఎండిన టేకు దుంగ ఉంది, పట్టుకుపో" అన్నాడాయన.

గుహలో రాక్షసుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "మూడుసార్లు చూస్తాను. మూడోసారీ పడిందా, నువ్వూ పెట్టెలోకే!"

"పడకపోతే అందరినీ మళ్ళీ మనుషుల్ని చెయ్యాలి" అంది కనకాంబ. వాడు సరేనన్నాడు.

పెట్టెను తిరగేస్తే సంగతి తెలిసింది. చక్రాల ఇరుసులు నేరుగా పెట్టె అడుగుకే బిగించి ఉన్నాయి. అంత పొడవు పెట్టె ఇక మలుపు ఎలా తిరుగుతుంది? ఆమె టేకుతో చిన్న చట్రాలు చేసి, ఒక్కోదానికి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు అమర్చింది. పెట్టెకు ముందొకటి, వెనకొకటి, ఒక్కొక్క చీలతో తగిలించింది.

వాళ్ళింట్లో అతుకు కదిలితే పని రానట్టే లెక్క. అలవాటుకొద్దీ చీలలు దిగ్గొట్టేసింది. చట్రాలు తిరగలేదు, పెట్టె బోల్తాపడింది. నాన్న బొమ్మ ముక్కు కాస్త చెక్కుకుపోయింది. పాపం, కనకాంబ వెక్కి వెక్కి ఏడ్చింది.

రెండోసారి చీలలన్నీ వదులు చేసింది. పెట్టె అటూ ఇటూ ఊగి మళ్ళీ పడింది.

మూడోసారి చాలాసేపు ఆలోచించింది. ముందు చట్రాన్ని ఊగకుండా, తిరగడానికి మాత్రం వీలుగా బిగించింది. వెనకదాన్ని తిరగనిచ్చింది, ఎగుడుదిగుళ్ళకు కాస్త ఊగనిచ్చింది కూడా. రైలును వదిలింది.

రైలు మలుపులన్నీ దాటి చుట్టు పూర్తిచేసింది. గండశిలుడు చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. వాడు మంత్రం ఎత్తుకోబోతే కనకాంబ ఆపి, "ముందు అందరినీ దించు! లోపలే పెరిగితే పెట్టెలు పగిలిపోవూ?" అని కసిరింది. వాడు అందరినీ దించి మంత్రం చదవగానే బొమ్మలైనవాళ్ళంతా మళ్ళీ మనుషులయ్యారు.

రాజ్యమంతా పండగ చేసుకుంది. యువరాజు పెళ్ళి మాటెత్తితే, ముందు ఇరుసు చెక్కడం నేర్చుకోమంది కనకాంబ. ఏడాదికి నేర్చుకున్నాడు, పెళ్ళీ అయింది. రాజుగారు ఆస్థాన కర్మశాలను ఆమెకే అప్పగించి, "పనివాళ్ళుగా ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు.

గుంపులోంచి భద్రాచారి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేస్త్రిగారూ, నన్ను పనిలో పెట్టుకుంటారా?"

కనకాంబ నవ్వబోయి, నాన్నను పట్టుకుని ఏడ్చేసింది.