బూట్లు విప్పి పడవెక్కినవాడు

ముందుగా క్షమాపణ. అరవయ్యేళ్ళకి అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సరిచేసుకుని చదవండి. ఈ కాస్త కథ రాయడానికే నెల పట్టింది.

యుద్ధం ఆరో రోజు. విశాఖపట్నంలో తలుపులు మూసిన గది. కర్నల్ జగన్నాధం బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం.

"రమేష్‌బాబు," అన్నాడు కెప్టెన్ గోపి. ట్రైనింగులో తన పక్క మంచం వాడు రమేష్‌బాబు.

"అతని మిషన్ ఇప్పుడు నీది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగువందల మంది జవాన్లతో మన ఓడ భావనపాడు ముందు నుంచి వెళ్తుంది. శత్రువుల ముఠా అక్కడ ఒక పడవలో ట్రాన్స్‌మిటర్ దాచింది. అది సిగ్నల్ ఇస్తే సబ్‌మెరైన్ ఓడని ముంచేస్తుంది. ఈ వాచీ జామర్, సిగ్నల్‌ని ఆపేస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కి ఆనించి నొక్కాలి. ముఠాలో మన ఏజెంటు రేఖ ఉంది, చూపిస్తుంది."

"అది మా ఊరు సర్."

"అందుకే జంకుతున్నాను. నువ్వెవరో తెలిస్తే మీ అమ్మని బతకనివ్వరు."

మర్నాడు పదకొండున్నర. విగ్గు, బంగారు కళ్ళద్దాలు, మెరిసే బూట్లు. చెన్నై రొయ్యల వ్యాపారి వేషం. ఇసుకలో నడుస్తుంటే వెనక ఎడమకాలు ఈడుస్తున్న అడుగులు వినిపించాయి. రమేష్‌బాబు నడక. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

ఒడ్డున వేలం. చేపల కుప్ప ముందు గురమ్మ, అతని తల్లి.

"ఏటి బాబూ, అల్లా సూస్తన్నావు? కొంటావా, కళ్ళతోనే తినేస్తావా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. గోపి గొంతు మార్చి "వద్దమ్మా" అన్నాడు. గుర్తుపట్టలేదు, గండం గడిచిందనుకున్నాడు. అయినా గుండె కలుక్కుమంది.

ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. రేఖ.

"చందువా చేప దొరుకుతుందా?" అన్నాడు గోపి.

"వంజరమే మిగిలింది."

కోడ్ సరిపోయింది. ఆమె ఇసుక మీదున్న ఒక పడవ చూపించింది. "ఐసు పెట్టెలో."

గోపి బూట్లు విప్పి పక్కన పెట్టి పడవెక్కాడు. పదేళ్ళకే తండ్రితో వేటకెళ్ళినవాడు, చెప్పుకాలితో పడవని ఎన్నడూ తాకలేదు. విప్పిన సంగతి తనకే తెలియలేదు.

వెనక చిన్న నవ్వు. రేఖ చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"చెన్నై షావుకారు పడవెక్కడానికి బూట్లు విప్పడు, కెప్టెన్. గంగమ్మ బిడ్డలే విప్పుతారు. రమేష్‌బాబు అసలెవరో కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. నువ్వెవరో తెలియడానికి మూడు నిమిషాలు."

బూట్లని చూసింది రేఖ ఒక్కతే కాదు. గురమ్మ గంప పట్టుకుని పరుగున వచ్చింది.

"ఒసే ఎర్రసీరా! మా బేరగాడ్నెక్కడికి లాక్కుపోతన్నావే?"

రేఖ తల తిప్పింది. గోపి ఐసు పెట్టె మీదికి దూకాడు. పిస్టల్ పేలింది. మరుక్షణం గంప రేఖ మొహానికి తగిలింది. ఆడవాళ్ళంతా ఆమెని ఇసుకలో అదిమేశారు.

పదకొండు యాభై తొమ్మిది. గోపి పెట్టెకి వాచీ ఆనించి నొక్కాడు. ట్రాన్స్‌మిటర్ ఎర్రలైటు ఆరిపోయింది. దూరంగా ఓడ సాగిపోయింది.

ఛాతీలో గుండు. తల్లి ఒడిలో తల.

"నన్నెరగనని సెప్పే, అమ్మా," గుసగుసలాడాడు. "ముఠావోళ్ళింకా ఉన్నారు."

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అటు చూసి నవ్వాడు. అంతే. ఇరవై ఆరేళ్ళు.

పోలీసులొచ్చారు. "ఎవరమ్మా ఇతను?"

గురమ్మ జారిన విగ్గు సర్దింది. "ఏమో బాబూ. సేపలు కొనడానికొచ్చినాడు. బేరం కుదరనేదు."

ఆఫీసు ఫైల్లో ఆ రోజు కెప్టెన్ గోపి సెలవులో ఉన్నాడు. ఆ సెలవు ఇంకా ముగియలేదు.

చిన్నతల్లి, డెబ్బై ఒక్క ఏళ్ళు, ప్రస్తుతం గరివిడి.