రెండు రింగులు

హాల్లో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది.

టోస్టుకు వెన్న రాస్తున్న జూడిత్ చెయ్యి అక్కడే నిలిచిపోయింది. ముందుగదిలో బల్లకు అవతల కూర్చున్న ఆమె తండ్రి ఆర్నల్డ్ హెప్‌వర్త్ మాత్రం తలెత్తలేదు. నింపాదిగా పేపరు మడిచాడు. మెడలోని నీలం టై విప్పి కుర్చీ వీపుకు వేలాడదీశాడు.

"ఇవాళ మీటింగుకు వెళ్లడం లేదు. క్లిఫ్ రావట్లేదట."

"నాన్నా!" జూడిత్ కత్తి కింద పెట్టింది. "క్లిఫ్ పోయి మూడు నెలలైంది."

"తెలుసు. శవపేటిక మోసినవాణ్ని, నాకు తెలీదా?"

"మరి ఆ ఫోన్ ఎవరు చేశారు?"

ఆర్నల్డ్ కప్పులో చల్లారిన టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కిటికీ బయట హార్టన్‌బెక్ ఊరంతా మంచులో మునిగిపోయి ఉంది. రేడియోలో ఎవరో ఐరోపాతో ఒప్పందం కుదురుతుందని, ఇంకెవరో కుదరదని అరుచుకుంటున్నారు. జూడిత్ లేచి రేడియో కట్టేసింది. ఆ నిశ్శబ్దంలో గోడకు అవతలి నుంచి గడియారం గంట వినిపించింది. ఖాళీ ఇంట్లోంచి.

ఆ వీధిలో ఇళ్లన్నీ జంటలే. రెండేసి ఇళ్లకు మధ్య ఒకటే గోడ. ఈ పక్క హెప్‌వర్త్‌లు, ఆ పక్క క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్. ఆర్నల్డ్ నీలం పార్టీ కౌన్సిలర్, క్లిఫ్ ఎర్ర పార్టీ కౌన్సిలర్. సభలో ఒకరినొకరు చీల్చి చెండాడుకుని, ఇంటికి మాత్రం ఒకే కారులో వచ్చేవాళ్లు. పైగా ఇద్దరూ జోడీ. అంటే, ఓటింగు రోజున ఒకరు రాలేకపోతే రెండోవాడూ ఆగిపోవాలి. ఏ పక్షానికీ నష్టం రాకుండా ప్రత్యర్థులు చేసుకునే ఒప్పందం అది. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఇచ్చిన మాటే ఒప్పందం.

ఆ మాటకో సంకేతం కూడా పెట్టుకున్నారు. ఫోను ఎత్తితే డబ్బులు పడతాయని జనం భయపడే కాలంలో మొదలైన అలవాటు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే "వస్తున్నాను". రెండు రింగులైతే "రావడం లేదు, నువ్వూ ఆగు".

వంటింటి వెనక తలుపు తెరుచుకుని చలిగాలి ముందుగదిదాకా కొట్టింది. జూడిత్ తల్లి విన్నీ గౌను మీద కోటు వేసుకుని నవ్వుతూ లోపలికి వచ్చింది. కాళ్లకున్న మెత్తటి చెప్పులు మంచుకు తడిసి ముద్దయ్యాయి.

"ఈ చలిలో ఎక్కడికి వెళ్లావమ్మా?"

"పిట్టలకు రొట్టెముక్కలు వేసొచ్చా," అంది విన్నీ. తర్వాత గొంతు తగ్గించి, "ఫోను మోగిందా?" అని అడిగింది.

"మోగింది విన్," అన్నాడు ఆర్నల్డ్.

"హమ్మయ్య!" అంటూ ఆమె మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. తల్లి మాటలకు అర్థం వెతకడం జూడిత్ మానేసి చాలా కాలమైంది. విన్నీకి రెండేళ్లుగా మతి నిలకడగా ఉండడం లేదు. ఒక్కోరోజు కూతుర్ని గుర్తుపట్టేది, ఒక్కోరోజు బస్సు కండక్టరనుకుని టికెట్ అడిగేది.

ఆ మీటింగు ఆమె గురించే. విన్నీని పగలంతా చూసుకునే మిల్‌గేట్ డే సెంటర్ గురించి. ఐరోపా కూటమి నుంచి బయటికొచ్చే బ్రెగ్జిట్ తర్వాత లండన్ నుంచి ఊళ్లకు ఎంత వస్తుందో తేలేదాకా ఖర్చులు బిగపట్టాలని, ముందుగా మిల్‌గేట్ మూసేయాలని నీలం వాళ్లు తీర్మానం పెట్టారు. అది మూతపడితే జూడిత్ స్కూల్లో ఉద్యోగం మానుకోవాలి, లేదా తల్లిని ఎక్కడో దూరంగా, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య వదిలేయాలి. వేరే దారి లేదు.

"నాన్నా, విను," జూడిత్ తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది. "నువ్వు వెళ్లకపోతే రెండు వైపులా సరిసమానం. అప్పుడు ఛైర్మన్ తన రెండో ఓటు వేస్తాడు. అతను మీవాడే. మిల్‌గేట్ పోతుంది. నువ్వు వెళ్లి మూయొద్దని చెయ్యెత్తితే చాలు, నిలబడుతుంది."

"మా పార్టీ తీర్మానానికి నేనే అడ్డుపడాలా?"

"అమ్మ కంటే పార్టీ ఎక్కువా?"

"క్లిఫ్‌కు మాటిచ్చాను. వాడి కుర్చీలోకి కొత్త మనిషి ఎన్నికయ్యేదాకా అది వాడి కుర్చీయే. వాడు రాకపోతే నేనూ వెళ్లను."

"చచ్చిపోయినవాడు ఎలా వస్తాడు! నీకు వెళ్లడం ఇష్టం లేదు. అటు చెయ్యెత్తితే మీవాళ్లు వెలేస్తారు, ఇటు ఎత్తితే అమ్మ మొహం చూడలేవు. అందుకే సమాధి వెనక దాక్కుంటున్నావు."

ఆర్నల్డ్ మొహం ఎర్రబడింది. "నోరు అదుపులో పెట్టుకో. మిల్‌గేట్ ఎవరి డబ్బుతో కట్టారో తెలుసా? గుమ్మం పక్కన నక్షత్రాల పలక ఉంటుంది, చూళ్లేదూ? ఐరోపా డబ్బు! వద్దు పొమ్మని బ్యాలెట్ మీద గీత గీసింది ఎవరు? నేనా? నువ్వు! వచ్చి గొప్పగా చెప్పావు కూడా."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. జూడిత్ కళ్లు తిప్పుకుంది.

"గీశాను. ఇక్కడి డబ్బు ఇక్కడే ఉంటే అమ్మలాంటివాళ్లకు ఇంకాస్త అందుతుందనుకున్నా. నా బుద్ధి అంతే అనుకో. కానీ ఇవాళ ఓటు నాకు లేదు నాన్నా. నీకే ఉంది."

గోడ అవతల గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది. క్లిఫ్ పోయిన వారానికే అది ఆగిపోయి ఉండాలి. కీ ఇచ్చేవాళ్లు లేరు. నీళ్ల గొట్టాల చప్పుడేమోనని ఇన్నాళ్లూ జూడిత్ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఏ గొట్టమూ గంటలు కొట్టదు.

చివరికి ఆర్నల్డ్ చెయ్యి మెల్లగా నీలం టై మీదికి వెళ్లింది.

ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

ఆర్నల్డ్ చెయ్యి నిప్పు తాకినట్టు వెనక్కి వచ్చింది. "విన్నావా?" అన్నాడు. "నేను టై ముట్టుకోగానే. చూస్తున్నాడు వాడు."

జూడిత్ హాల్లోకి పరుగెత్తింది. చివరిసారి ఫోన్ చేసిందెవరో చెప్పే నంబరుంది, నాలుగంకెలు నొక్కితే చాలు. నొక్కింది. ఏ భావమూ లేని ఆడగొంతు ఒక్కో అంకె చదివింది. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన నంబరే.

"పక్కింటిది," అంది జూడిత్. రిసీవర్ పెట్టేసింది. "ఇప్పుడే, పక్కింట్లోంచే చేశారు."

ఇద్దరూ వంటింట్లోకి, వెనక తలుపు దగ్గరికి వచ్చారు. తలుపు వారగా తెరిచి ఉంది. దాని పక్కన మేకుకు వేలాడాల్సిన క్లిఫ్ ఇంటి తాళంచెవి లేదు. తడి నేల మీద చెప్పుల గుర్తులు కంచె సందులోంచి అటు వెళ్లి మంచులో కలిసిపోయాయి.

క్లిఫ్ ఇంట్లో పైపు పొగాకు వాసన ఇంకా పోలేదు. సామాన్ల మీద తెల్ల దుప్పట్లు కప్పి ఉన్నాయి, ఒక్క పడక్కుర్చీ మీద తప్ప. ముందుగదిలోంచి ఎవరో నవ్వుతున్న చప్పుడు వినబడింది. జూడిత్ తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

ఫోను పక్కన పీట మీద విన్నీ కూర్చుని ఉంది, ఖాళీ పడక్కుర్చీకి ఎదురుగా.

"రెండే క్లిఫ్," అంటోంది ఆమె. "మూడోది మోగితే ఎత్తేస్తాడు, తెలుసుగా... ఏంటీ?" కాసేపు చెవి ఒగ్గి వింది. కిసుక్కున నవ్వింది. "ఛీ, ఊరుకో. మా ఆయన నీకంటే అందగాడే!"

గుమ్మంలో నేలచెక్క కిర్రుమంది. విన్నీ తిరిగి చూసింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ చిన్నపిల్లలా నాలుక కరుచుకుంది.

"చూశావా క్లిఫ్, దొరికిపోయాం."

ఆర్నల్డ్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "విన్, ఏం చేస్తున్నావిక్కడ?"

"గడియారానికి కీ ఇచ్చా. ఫోన్ చేశా." అంతకంటే మామూలు పని లేదన్నట్టు చెప్పింది. "నువ్వు వెళ్లకూడదు ఆర్నల్డ్. వెళ్తే వాళ్లు చెప్పినట్టు చెయ్యెత్తేస్తావు. ఎత్తొచ్చి నెలంతా నిద్రపోవు. నాకు తెలీదా? ఎప్పుడూ అంతేగా. అందుకే క్లిఫూ నేనూ కలిసి ఈ ఏర్పాటు చేసుకున్నాం."

"ఎప్పుడూనా? ఎప్పటి నుంచి?"

"బొగ్గుగనుల సమ్మె ఏడాది నుంచి. సమ్మెలో ఉన్నవాళ్ల పిల్లలకు బడిలో భోజనం ఆపేయాలని మీవాళ్లు పెట్టారే, అప్పుడు. నువ్వు రాత్రంతా పచార్లు చేశావు. నేనొచ్చి క్లిఫ్‌తో చెప్పా. జ్వరమని పడుకుంటాలే, రెండు రింగులిస్తానన్నాడు."

"వాడికి నిజంగానే జ్వరం! నేను సూప్ తీసుకెళ్లి ఇచ్చాను."

"దుప్పటి కింద బూట్లతో పడుకున్నాడు!" విన్నీ పగలబడి నవ్వింది. "నువ్వు నుదుటి మీద చెయ్యి వేస్తావేమోనని వేడినీళ్ల సీసా నుదుటికి రుద్దుకున్నాడట. ఆ తర్వాత లైబ్రరీ ఓటింగు అప్పుడు వెన్నునొప్పి. బస్సుల గొడవప్పుడు పన్నునొప్పి."

భోజనాల ఓటింగుకు రానందుకు క్లిఫ్‌తో సొంత పార్టీవాళ్లు ఏడాదిపాటు మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే ఉమ్మేశారు. జబ్బుపడ్డ మిత్రుడి కోసం తాను ఓటు వదులుకున్నానని ఇన్నేళ్లూ ఛాతీ విరుచుకు తిరిగాడు ఆర్నల్డ్. వదులుకున్నది అవతలివాడు. ఒక్కమాట కూడా అనకుండా, నవ్వుతూ, ఒకే కారులో.

"నన్ను దాచిపెట్టారు," అన్నాడు చివరికి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఇద్దరూ కలిసి నన్ను దాచిపెట్టారు."

"ఇంకేం చేస్తాం? మంచివాడివే. కానీ ధైర్యం తక్కువ," అంది విన్నీ ప్రేమగా, అతని చెంప నిమిరి.

ఆర్నల్డ్ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "విన్, ఇవాళ వెళ్లాలి. ఈసారి వాళ్లు చెప్పినట్టు ఎత్తను. క్లిఫ్‌నడుగు, వాడేమంటాడో."

విన్నీ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. వింటున్నట్టు తల పక్కకు వంచింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా సర్దుకుని, ఒక గంభీరమైన శాంతి వచ్చింది.

"అలిసిపోయాడట," అంది. "ఇంక జబ్బని పడుకోలేడట. నువ్వు వెళ్తే తనూ వస్తాడట."

అప్పుడు గోడకు అవతల, వాళ్ల సొంతింట్లో, ఫోను మోగింది.

ఒక్కటే రింగు. ఆగిపోయింది.

జూడిత్ చుట్టూ చూసింది. తల్లి చేతులు రెండూ తండ్రి చేతుల్లోనే ఉన్నాయి. పీట పక్కన ఫోను కదలకుండా ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. పైపు వాసన మాత్రం ఒక్కసారిగా, ఎవరో ఇప్పుడే ముట్టించినట్టు, గుప్పుమంది.

"అదిగో," అంది విన్నీ. "చెప్పాగా."

ఆర్నల్డ్ లేచాడు. కోటు దులుపుకున్నాడు. "కారు తియ్యి తల్లీ," అన్నాడు కూతురితో. "టై అక్కర్లేదు."

*

కౌన్సిల్ హాల్లో సందర్శకుల బెంచీ మీద తల్లి పక్కన కూర్చుని జూడిత్ అంతా చూసింది. మూయాలన్నవాళ్లు చేతులెత్తారు. ఆర్నల్డ్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు. "ఆర్నల్డ్, నిద్రపోయావా?"

"ఇన్నేళ్లూ నిద్రే పోయాను," అన్నాడు ఆర్నల్డ్. "ఇప్పుడే లేచాను."

మూయొద్దన్నవాళ్లను అడిగినప్పుడు ముసలిచెయ్యి ఒకటి పైకి లేచింది. ఛైర్మన్ మళ్లీ లెక్కపెట్టించాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్క చెయ్యి తేడాతో మిల్‌గేట్ నిలబడింది. ఎవరో "ద్రోహి" అన్నారు. విన్నీ మాత్రం ఎదురుగా ఖాళీగా ఉన్న క్లిఫ్ కుర్చీ వైపు చెయ్యూపింది.

ఇంటికి వస్తుంటే వెనక సీట్లో విన్నీ నిద్రపోయింది. మంచు ఇంకా విడలేదు. చాలా దూరం వచ్చాక ఆర్నల్డ్ నోరు విప్పాడు.

"పొద్దున నక్షత్రాల పలక గురించి అన్నాను. అనాల్సింది కాదు."

"నిజమేగా నాన్నా."

"నిజమే. కానీ నువ్వు గీసిన గీత అమ్మ కోసం గీశావు. నేనెత్తిన చేతులన్నీ నా కోసమే ఎత్తుకున్నాను." కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. "నాకిక పార్టీ లేదు, జోడీ లేదు."

జూడిత్ గేరు మీది చెయ్యి తీసి అతని చేతి మీద వేసింది. "జోడీకి నేను లేనూ? రేపటి నుంచి పోట్లాడుకుందాం. కారు మాత్రం ఒకటే."

ముసలాయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఆమె కారు పక్కకు ఆపింది.

ఇంటికి చేరాక జూడిత్ హాల్లో రిసీవర్ ఎత్తింది. పొద్దున ఆ ఒక్క రింగు ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగంకెలు నొక్కితే తెలుస్తుంది. వేలు మొదటి అంకె మీద ఆగింది. ఏమీ నొక్కకుండా రిసీవర్ పెట్టేసింది.

వంటింట్లో తండ్రి గొంతు వినబడింది. మేకు నుంచి తాళంచెవి తీసి, విన్నీకి కోటు తొడుగుతున్నాడు.

"పద విన్, ఆ గడియారానికి కీ ఎలా ఇవ్వాలో నాకు నేర్పించు. క్లిఫ్‌కు థాంక్స్ కూడా చెప్పాలి."

"నెమ్మదిగా చెప్పు," అంది విన్నీ, తలుపు తీస్తూ. "పడుకున్నాడు పాపం."