అంచు తెగని కాగితం

అసలు ఈ విసుగు ఎవరిది? జిరాక్స్ షాపువాడి వేషం కట్టిన కొత్తలో చంద్రమౌళి విసుగును నటించేవాడు. ఆధార్ కార్డు చేతికిచ్చి కొంచెం పెద్దదిగా తియ్యమన్నవాడి వంక, ట్రైనింగ్‌లో నేర్పినట్టే కనుబొమ్మలు ముడిచి చూసేవాడు. ఇప్పుడు నటించక్కర్లేదు. మనిషి కౌంటరు వైపు అడుగు వేస్తుంటేనే లోపల ఎవడో పళ్లు కొరుకుతున్నాడు. వేషం మనిషిని తినేసిందా, లేక లోపలివాడు మొదట్నించీ ఇలాంటివాడేనా? బయటపడటానికి వాడికి ఒక కౌంటరు మాత్రమే తక్కువైందా?

బయట అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు పోయే లారీలు వీధిని మూసేసి హారన్లు కొడుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. షాపులో వేడెక్కిన టోనరు వాసన. ప్రింటర్ లోపల, ఎవరికీ కనిపించని చోట, గోరంత కార్డు ఒకటి ఉంది. ఇక్కడ పడిన ప్రతి కాగితం బొమ్మనూ అది ఢిల్లీలోని నిఘా ఆఫీసుకు చేరవేస్తుంది. ఆ ఆఫీసే చంద్రమౌళిని ఇక్కడ కూర్చోబెట్టింది.

పొద్దున ఫోన్‌లో చీఫ్ బ్రీఫింగ్ పొడిపొడిగా సాగింది. విదేశీ ముఠా. దాని పెద్దని అందరూ డాక్టర్ అంటారు. సముద్రం ఒడ్డున రాజయ్యపేటలో అద్దె ఇంట్లో దిగాడు. రేపు తెల్లవారుజామున వేటకు వెళ్లే ఒక పడవలో పేలుడు పెట్టె అమరుస్తారు. పడవ నేవీ ఓడ దరిదాపులకు చేరగానే, ఎక్కడో దూరాన ఉన్న ఇంకో ఓడ సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్ అందుకునే సర్క్యూట్ బోర్డు ఫ్యాక్టరీలో చేయిస్తే డిజైన్ నలుగురి కళ్లలో పడుతుంది. అందుకని ఇంట్లోనే చేసుకుంటున్నారు. కంప్యూటర్‌లో గీసిన ఆర్ట్‌వర్క్‌ను లేజర్ ప్రింటర్‌తో గ్లాసీ పేపరు మీద తీసి, రాగి రేకు మీద బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో రుద్దుతారు. కాగితం మీది నలుపు రాగికి అంటుకుంటుంది. మందునీళ్లలో ముంచితే మిగతా రాగి కరిగిపోయి, నలుపు కింద దాగిన గీతలు మాత్రం మిగులుతాయి.

"ప్రింటు నీ దగ్గరికే వస్తుంది. ఉన్నదున్నట్టు తియ్యి," అన్నాడు చీఫ్. "సిగ్నల్ ఇచ్చే ఓడ నాకు కావాలి. అప్పటిదాకా ఏదీ ముట్టుకోవద్దు."

"పడవలో మనుషులు?"

"మధ్యలో ఆపుతాం. వీలైతే."

వీలైతే. ఆ ఒక్క మాట పంటి సందున చెరుకు పీచులా ఇరుక్కుపోయింది.

ఆ పడవ సత్తియ్యది. కాసేపటి క్రితమే రాజయ్యపేట నుంచి బస్సులో వచ్చి, తన ఫోటో ఒకటి లామినేషన్ చేయించుకున్నాడు. పడవ ముక్కు మీద చెయ్యేసి పెళ్లికొడుకులా నిలబడ్డ ఫోటో. అడక్కుండానే సంగతంతా చెప్పాడు.

"ఎవరో మేడమ్ గారు మిసనొకటి ఫ్రీగా బిగిత్తారంట బావ. సేపలెక్కడున్నాయో అదే సెప్తాదంట. తమ్ముణ్ణీ మావయ్యనీ కూడా ఎక్కించుకుంటన్నాను."

ఫోటో తీసుకుని బయల్దేరమని చంద్రమౌళి కసురుకున్నాడు. సత్తియ్య నవ్వాడు. "ఇంత సిరాకేటి బావ. నీకింకా పెల్లవలేదు గావాల."

అతని మీద ఇష్టమేమీ కలగలేదు. అదే చంద్రమౌళికి ఇబ్బందిగా ఉంది. ఇష్టం కలిగి ఉంటే, బతకనివ్వాలనిపించడానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఏ కారణమూ లేకుండా అనిపిస్తోంది.

కారు ఆగింది. లావణ్య దిగింది. నల్లద్దాలు, సిల్క్ కుర్తా, ఈ వీధి ఎరగని సెంటు. వెనకే డాక్టర్ మనిషి కన్నబాబు. అతని తువ్వాలు భుజం మీద కాకుండా కుడిచేతి మీద పరిచి ఉంది. తువ్వాలు కింద వేళ్లు ఏం పట్టుకున్నాయో చంద్రమౌళికి చూడకుండానే తెలుసు.

"టోనరు చిక్కగా పడుతుందా?" అంది లావణ్య.

"పాకంలా పడుతుంది."

కోడ్ సరిపోయింది. ఆమె మన మనిషని చీఫ్ అంటాడు. మా మనిషని డాక్టర్ అంటాడట. ఇద్దరికీ ఆ మాట చెప్పింది ఆమే. ట్రైనింగ్‌లో తనను రెండుసార్లు ఓడించిన ఈ మనిషిని చంద్రమౌళి అప్పుడూ నమ్మలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద సన్నని నల్ల గీతల గూడు విచ్చుకుంది. ప్రింట్ సెట్టింగ్స్‌లో, ఎప్పట్లాగే, పేజీకి సరిపెట్టే టిక్ దానంతటది వచ్చి కూర్చుంది. ఈ ఊళ్లో ఏ జిరాక్స్ షాపులో చూసినా అది అలాగే ఉంటుంది. అంచున ఒక అక్షరం తెగితే కస్టమర్ డబ్బులివ్వడు, పైగా వీధి వినేలా తిడతాడు. అందుకని ప్రతి కాగితాన్నీ నూటికి మూడు వంతులు కుదించి తీస్తారు. కంటికి తెలియదు. ఆధార్ కార్డుకి నష్టమూ లేదు.

బోర్డుకు మాత్రం అలా కుదరదు. చిప్ కాళ్లు వెంట్రుకల్లా ఉంటాయి. ఆ కాస్త కుదింపు చాలు, మొదటి కాలు తన గీత మీద కూర్చున్నా, చివరి కాలు పక్కింటి గీత ఎక్కుతుంది. చంద్రమౌళి ఆ టిక్ తీసేశాడు. అద్దంలో బొమ్మలా తిప్పే టిక్ పెట్టాడు. బోర్లించినప్పుడు సరిగ్గా పడాలంటే కాగితం మీద తిరగబడే ఉండాలి.

ముందు మామూలు కాగితం మీద తీశాడు. లావణ్య లిప్‌స్టిక్ గొట్టం మూత తిప్పి, అడుగు నుంచి చిప్ బయటికి తీసింది. ముఠా దగ్గరున్నది ఆ ఒక్కటే. దాన్ని కాగితం మీద ఆనించింది. ప్రతి కాలూ తన గీత మీదే నిలిచింది. కన్నబాబు కూడా వంగి చూసి తల ఊపాడు.

ట్రేలో గ్లాసీ పేపరు పెట్టాడు చంద్రమౌళి. కాగితం మారగానే సెట్టింగ్స్ మొదటికొచ్చాయి. అద్దం టిక్ పెట్టాడు. బాణం, మళ్లీ వచ్చి కూర్చున్న పేజీకి సరిపెట్టే టిక్ మీదికి వెళ్లి, అక్కడ ఆగింది.

దీని మీద చిప్ ఆనించి చూడరు. వేలు తగిలితే జిడ్డు అంటి నలుపు సరిగ్గా దిగదు. ఇస్త్రీ దాకా ఎవరూ ముట్టుకోరు. రాత్రి డాక్టర్ అతకడానికి కూర్చున్నాకే బయటపడుతుంది. అప్పటికి ఇంకో బోర్డు చేసే వ్యవధి ఉండదు. పడవ పేలుడు పెట్టె లేకుండానే వేటకు పోతుంది. చీఫ్‌కు ఓడ దొరకదు. ఆ గదిలో డాక్టర్ తలెత్తి మొదట చూసేది లావణ్య ముఖం.

"ఏటి సూత్తన్నావు?" అన్నాడు కన్నబాబు. తువ్వాలు కౌంటరు అంచుకు తగిలింది. "ఇందాక రెండు సార్లు నొక్కేవు. ఇప్పుడొకటే నొక్కేవు."

వీడు చూశాడు. వీడిని తను మొద్దు అనుకున్నాడు. బాణాన్ని కొంచెం కదిలించి ఆ టిక్ తీసేస్తే చాలు, అందరూ నెమ్మదిస్తారు. చీఫ్ కూడా.

లావణ్య నల్లద్దాలు తీసి తెర వైపు వంగింది. టిక్ చూసింది. చూసిందని అతనికి తెలిసింది. రాత్రి డాక్టర్ ఇంటి తలుపు బద్దలు కొట్టడానికి ఆఫీసు మనుషులకు ఎంతసేపు పడుతుందో, తువ్వాలు తొలగించడానికి కన్నబాబుకు ఎంతసేపు పడుతుందో, ఆమె కనురెప్పలు రెండింటినీ తూచాయి. తర్వాత అతని వంక చూసింది. ఆ చూపులో స్నేహం లేదు, త్యాగమూ లేదు. అచ్చం అతని విసుగే ఉంది.

"రెండోది మామూలు కాగితానికి," అంది కన్నబాబు వైపు తిరక్కుండానే. "గ్లాసీకి అక్కర్లేదు. నీకు తెలిసిన పని నువ్వు చూసుకో." ఆ తర్వాత చంద్రమౌళితో, "కొట్టు. బండి ఎండలో ఉంది."

ఆఫీసుకు చేరేది బొమ్మ మాత్రమే. కొలత చేరదు.

టిక్‌ను అలాగే ఉంచి చంద్రమౌళి ప్రింట్ నొక్కాడు.

కన్నబాబు కాగితాన్ని కొసలు పట్టి వెలుతురుకెత్తి, నాలుగు వైపులా నిదానంగా చూసుకున్నాడు. అంచు ఎక్కడా తెగలేదు.