బావి నిద్రపోయే వేళ

బాల్టిక్ సముద్రంలోని ఆ చిన్న దీవిలో పొద్దు వాలితే విధవరాలి బావి పక్కకి ఎవరూ పోరు. మొగుణ్ణి సముద్రం మింగేసిన ఒకావిడ రాత్రిళ్ళు అక్కడ కూర్చుని ఏడుస్తుందట. ఆ వేళప్పుడు తోడితే ఆ కన్నీళ్ళు నీళ్ళలో కలుస్తాయట.

ఆ ఏడు వసంతం నుంచీ చినుకు లేదు. బావులన్నీ ఎండి, ఊరందరి దాహానికీ ఇదొక్కటే మిగిలింది. పగలు మాత్రమే, మనుషులకు మాత్రమే అని కట్టడి చేసుకున్నారు. ఆల్రిక్ అనే కుర్రాడి గొర్రెలేమో దాహంతో దొడ్డిగోడ రాళ్ళు నాకుతున్నాయి. అమ్మేసుకోరా, కొన్నవాడు తాగిస్తాడులే అని ఊళ్ళోవాళ్ళు వెటకారం చేశారే గాని, ఒక్క చెంబుడు నీళ్ళకి కూడా ఒప్పుకోలేదు.

అందుకే ఆ రాత్రి... ట్రాక్టరుకి నీళ్ళ ట్యాంకు తగిలించుకుని బయల్దేరాడు.

వేసవి కదా, చీకటి పూర్తిగా పడదు. ఆ బూడిదరంగు వెలుతుర్లో ప్రతి పొదా ముసుగేసుకున్న మనిషిలానే ఉంది. గొట్టం బావిలోకి దించి మోటారు వేశాడు. ట్యాంకు సగం నిండింది... ముప్పాతిక...

అప్పుడు వినిపించింది — ఏడుపు.

మోటారు ఆపేశాడు. ఏడుపూ ఆగింది.

పొదల మధ్య తెల్లగా ఏదో లేచింది. వాడు ట్రాక్టరు చాటుకి జరిగాడు. అది దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి...

"నేనేరా," అంది మెల్లగా.

మేనత్త సిగ్నే. తెల్ల నైటీ, కాళ్ళకి రబ్బరు బూట్లు.

"అత్తా... నువ్వా ఆ దెయ్యం?"

"నాకు ముందు మా అమ్మ. ఆవిడకి ముందు వాళ్ళమ్మ."

కరువొచ్చిన ఏడల్లా ఎవరో ఒకరు కాపలా ఉంటారట. ఇవాళ కునుకు పట్టేసిందట, మోటారు చప్పుడుకే మెలకువొచ్చిందట. విధవరాలూ లేదు, కన్నీళ్ళూ లేవు. రాత్రంతా బావిలో మంచినీళ్ళు కొంచెం కొంచెంగా ఊరుతూ పైపొరగా పేరుకుంటాయి. అడుగున సముద్రం కాచుకుని ఉంటుంది. పైవి పేరుకోకముందే లాగేస్తే కిందది పైకొచ్చేస్తుంది. ఈ సంగతి చెబితే మగాళ్ళెవరూ వినలేదు. దెయ్యమంటే విన్నారు.

చెబుతూనే గొట్టం చివర వేలాడుతున్న చుక్కని వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

 వంగి బావిలోకి చూసింది.

"ఏంటత్తా?"

మళ్ళీ ఆ గొట్టాన్నే తడిమి, తడి వేలు వాడి పెదాలకి తాకించింది.

ఉప్పు.

ఊరి వైపు ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది.

"కాసేపట్లో క్యాన్లు పట్టుకుని వచ్చేస్తారు," అంది సిగ్నే. "చెప్పేది నువ్వా... నేనా?"