ఒకరికి విశాఖ, ఒకరికి పుదుచ్చేరి

పక్కపక్క కుర్చీల్లో కళ్ళు మూసుకుని కూర్చున్న ఇద్దరిలో ముందు ఆవిడ ఏడ్చింది. కాసేపటికి ఆయన కూడా ఏడ్చాడు. గాజు గోడకి ఇవతల నిలబడ్డ డాక్టర్ ఆముక్త కంగారు పడలేదు. స్క్రీన్ మీద ఇద్దరి గుండె చప్పుడూ నిదానంగానే ఉంది. విహారయాత్రలో జనం ఏడవడం ఆమెకి కొత్త కాదు.

ఆవిడ పేరు గంగామణి, విశాఖపట్నంలో ఉంది. ఆయన ఆమె భర్త లింబాద్రి, పుదుచ్చేరిలో ఉన్నాడు. నిజానికి ఇద్దరూ ఉన్నది హైదరాబాదులో, "తీరం" అనే ట్రావెల్ కంపెనీ నాలుగో అంతస్తులో. తికమక పడకండి, చెప్తాను.

మిఠాయి కొట్లో చిన్న ముక్క తుంచి చేతిలో పెట్టందే మనం కిలో కొంటామా? ఊళ్ళకీ ఇప్పుడు అదే పద్ధతి వచ్చింది. ఆ కుర్చీలో కూర్చుని తలకి టోపీ లాంటిది పెట్టుకుంటే, అరగంటలో మూడు రోజుల యాత్ర చేసొచ్చిన జ్ఞాపకం మెదడులో పడుతుంది. ఉప్పుగాలి, హోటల్ దుప్పటి వాసన, కాలి కింద ఇసుక జారడం, అన్నీ. ఊరు నచ్చితే టికెట్ కొనుక్కుంటారు. దానికి కంపెనీ పెట్టిన పేరు నోరు తిరగనిది, వదిలేయండి. జనం శాంపిల్ కుర్చీ అంటారు.

లింబాద్రి నిజామాబాద్ బస్టాండులో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. బోధన్, బాన్సువాడ, ఆర్మూర్, నిర్మల్ అంటూ జీవితమంతా ఊళ్ళ పేర్లు పిలిచాడు. ఆయన గొంతు వింటే నిద్రపోతున్న ప్రయాణికుడు కూడా సంచీ పట్టుకుని లేచేవాడు. అన్ని పేర్లు పిలిచిన నోరు ఒక్క పేరు మాత్రం పలకడం మానేసింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హారిక, మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి చనిపోయింది. ఆ రోజు నుంచీ లింబాద్రి ఆ పేరెత్తలేదు. "అప్పుడు" అనేవాడు, "ఆ ఏడు" అనేవాడు, అంతే. పక్కింట్లో అదే పేరున్న పిల్ల తిరుగుతుంటే "ఓ పిల్లా" అని పిలిచేవాడు. గంగామణి ఇన్నేళ్ళూ ఆ పేరు ఒంటరిగానే మోసింది. కోపం కూడా అలాగే మోసింది.

ఇప్పుడు లింబాద్రికి గొంతులో కాన్సర్. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆ తర్వాత మెడకి ఒక డబ్బా తగిలిస్తామనీ, అది అచ్చం ఆయన గొంతుతోనే మాట్లాడుతుందనీ ఆసుపత్రి వాళ్ళు ధైర్యం చెప్పారు.

"డబ్బా నాకెందుకు సారూ?" అంది గంగామణి. "నా బిడ్డ పేరు మెషిన్ పిలుస్తదా? గొంతు పోకముందే ఈయన నోటితోని ఒక్కసారి వినాలె. అది తప్ప నాకింకేం వద్దు."

మొగుడి ముందే అంది. ఆయన తల వంచుకుని విన్నాడు. పిలవాలని ఆయనకీ ఉంది, కానీ ఆ ఇంట్లో, ఆ గోడల మధ్య నోరు పెగలదు. వారం తర్వాత తనే అన్నాడు, "ఆపరేషన్ ముందు సముద్రం కాడికి పోదాం మణీ. అక్కడైతే పిలుస్త."

అంతవరకూ బాగానే ఉంది. ఏ సముద్రం అన్న దగ్గర పేచీ వచ్చింది. విశాఖ అయితే బోలెడంత ఇసుక, చుట్టూ మన మాట అంది ఆమె. మోకాళ్ళ నొప్పులతో ఇసుకలో నడవలేను, పుదుచ్చేరిలో రోడ్డు పక్కనే నల్లరాళ్ళ మీద కూర్చోవచ్చు, అక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్ళు కూడా ఉండరు అన్నాడు ఆయన. పెళ్ళయిన కొత్తలో బస్టాండు ముందు హోటల్లో ఒకరు పూరీ, ఒకరు దోశ చెప్పి, సగం తిన్నాక ప్లేట్లు మార్చుకునే అలవాటు వాళ్ళది. పేచీ తెగక హైదరాబాదు వచ్చి, శాంపిల్ కుర్చీల దగ్గరా అదే చేద్దామనుకున్నారు.

"నేను విశాఖ చూస్త, ఈయన పుదుచ్చేరి చూస్తడు. ఇంటికి పోయి ఒకరికొకరం చెప్పుకుంటం," అంది గంగామణి.

ఆముక్తకి అది నచ్చలేదు. "ఇద్దరూ ఒకే ఊరు చూడటం మంచిదమ్మా. ఒక మెదడుకి నెలకి ఒక శాంపిలే ఇస్తాం. ఇంకో సంగతి కూడా వినండి. మా దగ్గర సముద్రం ఉంది, మనిషి లేడు. పక్కన కనిపించే మనిషిని మీ మనసే తయారు చేసుకుంటుంది, మీకు కావలసినట్టు."

"అంటే అక్కడ నా పక్కనుండేది ఈయన కాదా?"

"కాదు. మీకు తెలిసిన ఈయన."

"నాకు తెల్వని ఈయన ఇంకెవరున్నరమ్మా!" అని నవ్వేసింది గంగామణి.

ఆముక్త నవ్వలేదు. "ఇది శాంపిల్ అన్న గుర్తు ఒక నెల దాకా ఉంటుంది. ఆలోపు నిజంగా వెళ్ళొస్తే నిజం జ్ఞాపకం దీని మీద పడి సర్దుకుంటుంది. వెళ్ళకపోతే గుర్తు చెరిగిపోయి, ఇదే నిజంగా జరిగినట్టు నిలిచిపోతుంది. అందుకే తప్పకుండా వెళ్ళండి."

"పోకుండ ఎట్లుంటం?" అన్నాడు లింబాద్రి బొంగురు గొంతుతో. శాంపిల్ చూసినవాళ్ళలో వెళ్ళకుండా ఆగినవాళ్ళు అంతవరకూ లేరు కూడా.

విశాఖ ఇసుకలో గంగామణి పక్కన లింబాద్రి నిటారుగా నిలబడ్డాడు. గొంతు నొప్పి లేదు, మోకాళ్ళ నొప్పి లేదు. బస్టాండులో పిలిచినట్టు సముద్రం వైపు తిరిగి "హారికా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఆమె కడుపునిండా ఏడ్చింది.

పుదుచ్చేరి రాళ్ళ మీద లింబాద్రి ఆ పేరు మెల్లగా, గంగామణి చెవిలో అన్నాడు. ఆమె ఆయన భుజమ్మీద తల పెట్టి, "నాకు మీ మీద కోపం లేదు," అంది. ఆయన కూడా ఏడ్చాడు.

ఇద్దరి ముఖాల్లోనూ ఎంతో ప్రశాంతత ఉందని ఆముక్త తన రిపోర్టులో మెచ్చుకుంటూ రాసుకుంది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు.

"ఎట్లుంది నీది?" అన్నాడాయన.

"మంచిగుంది. మీది?"

"మంచిగనే ఉంది."

ప్లేట్లు మార్చుకోవడం అంతటితో అయిపోయింది. ఎవరిది వాళ్ళకే కడుపు నిండింది. మాట్లాడితే ఆ తీపి పోతుందేమోనని ఇద్దరూ కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. నిజం యాత్రకి టికెట్ కొనాల్సిన రోజు దగ్గర పడేసరికి ఆయన, "ఇప్పుడంత దూరం ఎందుకులే, నొప్పిగుంది," అన్నాడు. ఆమె ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. దేనికోసమైతే వెళ్ళాలో అది అయిపోయిన భావన. ఆపరేషన్ అయింది. మెడ దగ్గర రంధ్రం, దాని మీద గుడ్డ. డబ్బా వద్దన్నాడు లింబాద్రి, భార్య మాట గుర్తుంచుకుని. చేతికి ఒక పలక తెచ్చుకున్నాడు.

టికెట్ కొనని మొదటి కస్టమర్లు ఎవరా అని రెండు నెలల తర్వాత ఆముక్త నిజామాబాద్ వెళ్ళింది. గంగామణి చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మనిషి ఒళ్ళు చేసింది, ముఖం తేటగా ఉంది.

"మీరు యాత్రకి వెళ్ళలేదు కదమ్మా?"

"పోయొచ్చినం కదా! విశాఖకి. ఇసుకల నిలబడి మా బిడ్డ పేరు ఎంత గట్టిగ పిలిచిండ్రనుకున్నవ్! ఆ ఒక్కటి అయింది, ఇగ ఈయన మాట్లాడకున్నా నాకు రంది లేదు."

మంచం మీద కూర్చున్న లింబాద్రి నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. పలక అందుకుని "పుదుచ్చేరి" అని రాసి చూపించాడు.

"మరుస్తుండ్రు," అంది గంగామణి ముచ్చటగా. "విశాఖ."

ఆయన ఆ పదం కింద గీత గీశాడు. "రాళ్ళ మీద. నీ చెవిల చెప్పిన. కోపం లేదన్నవు" అని కింద రాశాడు.

గంగామణి చదివింది. "నేనట్ల ఎన్నడూ అనలేదు," అంది.

ఇద్దరూ ఆముక్త వైపు తిరిగారు. అబద్ధం చెప్పి వెళ్ళిపోవచ్చు, ఆ ఆలోచన ఆమెకి వచ్చింది కూడా. కానీ శాస్త్రం చదువుకున్న మనిషి, చెప్పేసింది. మీరు ఏ ఊరూ వెళ్ళలేదు, ఆయన పిలవలేదు, మీరు క్షమించలేదు, అంతా మా నాలుగో అంతస్తులో జరిగింది అని ఒక్కొక్కటే చెప్పింది. చెప్పాక తన మీద తనకే అసహ్యం వేసింది.

తర్వాత లింబాద్రి మంచం దిగి భార్య ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ పట్టుకుని నోరు తెరిచాడు. పెదాలు ఆ పేరుని శుభ్రంగా, మూడక్షరాలూ పలికాయి. గొంతు లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం గాలికి లేచి పడింది. మళ్ళీ పలికాడు, మెడ నరాలు ఉబ్బేలా.

ఏం పలుకుతున్నాడో గంగామణికి తెలుసు. ఆమె ఆ పెదాల వైపు కాసేపు చూసింది. తర్వాత చేతులు వెనక్కి తీసుకుని ఆముక్త వైపు తిరిగింది.

"అమ్మా, నెల దాటింది కదా. ఆ విశాఖ మళ్ళొక్కసారి చూపిస్తరా?"

"ఇద్దరికీనా?"

"నాకొక్కదానికే," అంది గంగామణి.

లింబాద్రి భుజం మీది తువ్వాలుతో పలక తుడిచి, గోడకి ఆనించి పెట్టాడు.