పూజ వారం కొలతలు

కొత్తగా చేరిన కుముదినితో నా మొదటి మాటే గొడవ.

దుర్గ్ దగ్గర హథ్‌ఖోజ్‌లో మా ఫ్యాక్టరీ సర్వర్ రూమ్. ఏసీ చలికి చున్నీ చెవులకి చుట్టుకుని నిలబడింది, మొహం ఒక్కటే బయటికి. కళ్లు నన్ను చూడట్లేదు, నేను బోర్డు మీద గీసిన బొమ్మని చూస్తున్నాయి. పదకొండు పాత సర్వర్లు పీకేసి, ఆ పదకొండింటినీ రెండు కొత్త మిషన్లలో వర్చువల్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌తోనే నడపాలి. అదీ మా ప్రాజెక్టు. ప్రాసెసర్లు పది శాతం కూడా వాడట్లేదు కదా, శుక్రవారానికి అయిపోద్ది యార్ అన్నాను.

"స్టోరేజీకి డేటా వెళ్లే దారులెన్ని?" అంది.

"ఒకటే. పదకొండింటికీ షేర్డ్."

"మరింక శుక్రవారం ఏటి అయిపోద్ది?"

నా మొహం చూసి జాలేసిందేమో, మార్కర్ లాక్కుంది. వాళ్లది సెక్టర్ 2 క్వార్టర్. పైనా కిందా నాలుగిళ్లకి ఒకటే నీళ్ల పైపట. రోజు మొత్తం మీద సగటు తీస్తే నీళ్లు బోలెడు. పొద్దున్న ఫస్ట్ షిఫ్ట్ వాళ్లంతా ఒక్కసారే స్నానాలకి దిగితే మాత్రం పైనున్న వీళ్ల కుళాయిలో గాలే. "సగటు కాదు యుగంధర్, రద్దీ కొలవాలి" అంది. నేను కొలిచింది మాత్రం ఆమె నవ్వుని. అది ఎడమవైపు కొంచెం ఎక్కువ.

ఆ తర్వాత వానాకాలమంతా మేమిద్దరం ఒకే టేబుల్, ఒకే చాయ్ ఫ్లాస్కు. ఆమెది ఇంకా ప్రొబేషనే. వాళ్ల నాన్నగారు మార్చిలో స్టీల్ ప్లాంటులో రిటైరవుతారు, క్వార్టర్ ఖాళీ చేసెయ్యాలి. కుముదిని ఉద్యోగం ఖాయమైతే ఇక్కడే ఇల్లు అద్దెకి తీసుకుంటారు, లేకపోతే విశాఖ సైడు వెళ్లిపోతారు. ఖాయం చేసేది మా మేనేజర్ రమాకాంత్ సార్, అదీ ఈ ప్రాజెక్టు చూశాకే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను, అదే బాధ.

సెప్టెంబర్‌లో వాళ్లక్క సీమంతానికి పార్వతీపురం వెళ్తూ, వారం రోజులు పూర్తిగా కొలతలు తియ్యమంది. నేను మూడ్రోజులే తీశాను. తను వచ్చేసరికి ప్లాన్ మొత్తం రెడీ చేసి పెడితే ఎంత మురిసిపోతుందో అని ఊహించుకుంటూ.

ఆ మూడు రోజులూ ఏవేటో తెలుసా? విశ్వకర్మ పూజకి మిషన్లు కడిగే రోజు, పూజ రోజు, ఆ మర్నాడు. ఫ్యాక్టరీ మొత్తం బందు, లేతు మిషన్లకి బంతిపూల దండలు. చేతిలో బూందీ ప్రసాదం పెట్టుకుని గ్రాఫు చూస్తూ, వాహ్, ఎంత స్మూత్‌గా ఉంది అనుకున్న గాడిదని నేనే.

ఆమె వచ్చాక అడిగింది. "వారం తీశావా?"

"ఆ."

ఒక్క అక్షరం. నమ్మి, కొలతల పేజీ కింద తన పేరు పెట్టేసింది.

కొత్త మిషన్లు ఆన్ చేసిన రోజు మధ్యాహ్నం రెండింటిదాకా అంతా బానే ఉంది. రెండింటికి షిఫ్ట్ మారింది. మూడొందల మంది హాజరు పంచ్‌లు, లారీల బరువు తూచే కాటా, డ్రాయింగులు, బ్యాకప్, అన్నీ ఆ ఒక్క దారిలోకే దూరాయి. అన్నీ ఆగిపోయాయి. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారుతీరాయి, బయట వాన.

ఈ కొలతలెవరివని రమాకాంత్ సార్ అడిగారు. కుముదిని నా వైపు చూసింది. నేను లాప్‌టాప్ వైపు చూశాను.

"నావే సార్" అంది. "నేను సరిచేస్తాను."

రెండ్రోజుల్లో చేసేసింది కూడా. కాటాకి వేరే దారి, బ్యాకప్‌కి హద్దు. కానీ ఉద్యోగం ఖాయం కాలేదు.

నిజం చెప్పడానికి నాకు పదహారు రోజులు పట్టింది. రమాకాంత్ సార్ తిట్టలేదు, ఆమెకి ఫోన్ చేసి వెనక్కి రమ్మన్నారు. విశాఖలో వేరేచోట ఒప్పేసుకున్నానందట.

ఆమె బయల్దేరే రోజు దుర్గ్ స్టేషన్‌కి పరిగెత్తాను. ఇంట్లోవాళ్లు మార్చిలోనే వెళ్తారు, కిటికీ పక్కన ఒక్కతే కూర్చుంది, చెవులకి అదే చున్నీ. సార్‌కి మొత్తం చెప్పేశానన్నాను. తెలుసంది.

"ఆ రోజు నిన్ను పట్టిద్దామని చూడలేదు. నువ్వే చెప్తావేమోనని చూశాను."

"నువ్వంటే నాకు ఇష్టం, కుముదినీ."

"నాకూ ఉండేది. లేపోతే ఆ తప్పు నెత్తినేసుకోడానికి నాకేటి పిచ్చా?"

రైలు కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు, కిటికీ అద్దం కూడా మూసెయ్యలేదు.

మళ్లీ సెప్టెంబర్ వచ్చింది. ప్లాన్ మొదటి పేజీ మార్చాను. పూజ వారంలో కొలతలు తియ్యొద్దు, పాత తప్పు యుగంధర్‌ది, దాన్ని సరిచేసింది కుముదిని అని రాసి, ఫొటో తీసి ఆమెకి పంపాను. సాయంత్రం దాకా జవాబు లేదు. అప్పుడొచ్చింది.

"పైపు ఎలా ఉంది?"

బానే ఉందని టైప్ చేశాను. మళ్లీ అబద్ధమే అనిపించి తుడిచేశాను.

"గాలే వస్తోంది" అని పంపాను.